మంచు కింద చెయ్యి

తెల్లారుజామున సుంకేసుల కట్ట మీద
నా ట్రాలీ ఆటో ఆగంగానే
రంపపు పొట్టు దులిపి ఐసు దిమ్మలు దించుకునేది
ఉరుకుందమ్మే.

గోనెసంచిలో వేసి రోకలితో దంచుతాది.
ఆ చప్పుడుకే కట్ట మీది కుక్కలు లేస్తాయి.
ఒక వరస బొచ్చెలు, ఒక వరస ఐసు,
మళ్లా రాగండ్లు, మళ్లా ఐసు.

మొన్న, బీడీ ముట్టించుకున్న సందున
ఫోన్‌లో చూపించినా:
యాడనో చెరువు చెరువంతా గడ్డకట్టింది.
దాని మీదనే కార్లు నిలబెట్టుకొని,
బొక్క తొలిచి, స్టూలేసుకొని
గాలం వదిలి కూచున్నారు మనుషులు.

చూసింది. మళ్లా చూసింది.
"నీల్లు కనపడకుండా నీల్ల మీద కూసుంటారా?"
తుంగభద్ర దిక్కు తిరిగి, కాసేపాగి,
"కింద సేపకు తెలుస్తాదా మద్దిలేటీ,
పైన మూత పడిందని?"

నేనేం చెప్పాల.
కర్నూలు ఐసు ఫ్యాక్టరీలో
దిమ్మల లెక్క తప్ప నాకేం తెలుసు.

అంతలో నందికొట్కూరు హోటలాయన
పెద్దదొకటి కావాలన్నాడు.
రాత్రి సర్దిన డబ్బా, లోపలంతా ఒకటే గడ్డ.
రోకలి మొనతో పొడిచి బొక్క చేసి
మోచేతి దాకా దూర్చింది,
కళ్లు మూసుకొని, తడుముకుంటా.
చానాసేపు.

బయటికొచ్చింది శీలావతి,
రెండు కిలోలకు నూరు గ్రాములు తక్కువ.
పట్టుకున్న వేళ్లు తెల్లగా
ఎవరివో అన్నట్టు.

"ఇదో, నాదీ తీయి ఫోటో" అనింది.

దిమ్మలు మోసిన చేతులు కదా నావి.
ఎంత నొక్కినా
ఫోను నా వేలిని గుర్తుపట్టలేదు.
ఆమె అప్పటికే తక్కెట్లో వేసేసింది.