వేలిముద్ర

ఆ ఆషాఢం కాశీబుగ్గ బజార్లో
టీ గ్లాసుకీ గ్లాసుకీ మధ్య ఒకటే మాట, పైపుల షేరు.
ఎవరు తెచ్చారో తెలీదు.
మా జీడి బట్టీ మేస్త్రి కూర్మారావు కొన్నాడు.
కూర్మారావు కొన్నాడని కాటా దగ్గర దాలయ్య కొన్నాడు.
ఇద్దరు కొన్నాక ఇంక ఆలోచించేదేముంది,
ఆటో కిస్తీ ఆపి గుంపస్వామి కొన్నాడు.
"ఒలే సిమ్మాలమ్మా, నువ్వింకా కొన్నేదేటే?"

ఆ పైపులు ఏ ఊళ్ళో పోస్తారో
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, దాచుకోను.
గుండేదో బద్దేదో కళ్ళు మూసుకుని తడిమి చెప్పే మేము
ముట్టుకోని దాన్ని నమ్మాం.

చీటీ పాడిన పద్దెనిమిది వేలు
మరిది కొడుకు నా ఫోన్లోంచే పెట్టాడు.
పిన్ను వాడికి తెలుసు. నాకు బొటనవేలు చాలన్నాడు.
అప్పుడు వారం రోజులు షెడ్డు మూత,
తోలు కాస్త తేరుకుంది,
ఫోను నన్ను గుర్తుపట్టింది.

తర్వాత మళ్ళీ గింజలు.
జీడినూనె ముందు తోలు తింటుంది,
ఆనక గీతలు.

ఒక సోమవారం పదిన్నరకి
కూర్మారావు లేచి నిలబడ్డాడు.
"అమ్మీయండి!"
షెడ్డంతా కట్టర్ల చప్పుడు ఆగిపోయింది.
నేనూ అమ్మబోయాను.
మళ్ళీ చెబుతున్నాను, అమ్మబోయాను.
సరిపోలలేదు, అంది ఫోను.
కొంగుకి తుడిచాను, బూడిద రాశాను,
కుడిది కాదని ఎడమది పెట్టాను.
సరిపోలలేదు.
పిన్ను తెలిసినవాడు ఇచ్ఛాపురం అవతల రైల్లో ఉన్నాడు, సిగ్నల్ లేదు.
సాయంత్రానికి అందరూ సగం డబ్బుతో బయటపడ్డారు.
లోపల నేనొక్కదాన్నే,
తలుపు తీయడం రాక.

దీపావళి వెళ్ళాక అది లేచిందట,
కొన్న ధరకి రెట్టింపు.
నాకు దాలయ్యే చెప్పాడు, చెబుతూ నా వైపు
అమ్మవారిని చూసినట్టు చూశాడు.

ఇప్పుడు అన్నాల వేళ నా క్యారేజీ చుట్టూ జనం.
"గుండె నిబ్బరమంటే నీదేనే.
ఈపాలి ఏటి కొంటన్నావో సెప్పవే."
ఏం చెప్పను?
నల్లబడ్డ అరచెయ్యి ఎత్తి చూపించాను,
గీతల్లేవని.

"ఐదంట!"
వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు.
"ఐదంట, ఐదంట" అని కాటా దాకా పాకింది.
నేను చెయ్యి దించేలోపే
గుంపస్వామి ఫోను తీశాడు.