ఇరవై ఎనిమిదో రోజు

గొంతు నొప్పే కదా అన్నాను.
ఆ మాట అన్నది నేనే, ఇంకొకరి మీదకి తోయను.

అప్పుడు నా చేతిలో కొయ్యసుత్తి ఉంది.
దుంగ మీద తడిసిన మల్బరీ బెరడు.
మా హాపై దీవుల్లో ఆడవాళ్ళం
అలా బాది బాది బెరడుని బట్ట చేస్తాం,
పెళ్ళికీ చావుకీ అదే పరుస్తాం.
అటు లోసేలి, ఇటు నేను,
టక్ టక్, టక్ టక్.
మధ్యలో వచ్చి నిలబడింది సియాలే, పదకొండేళ్ళది,
మింగుడు పడట్లేదమ్మా అని.

నోరు తెరవమనలేదు.
నిమ్మాకు మరిగించుకుని తాగమన్నాను.
ఆదివారం చర్చిలో పాడాలి, అరవకు అన్నాను.

నాలుగో రోజుకి తగ్గింది.
తగ్గిందంటే పోయిందనుకున్నాం.
మా ఇంట్లో నేలంతా చాపలే,
మొగలాకు చాపలు, ఒకదాని మీద ఒకటి.
చాప కింద నీరు ఎలా వస్తుందో
మాకంటే ఎవరికి తెలుసు?
అయినా ఎత్తి చూడలేదు.

మూడు వారాలకి చీలమండ వాచింది.
నెట్‌బాల్‌లో బెణికిందనుకుని కొబ్బరినూనె రాశాను.
రెండు రోజుల్లో చీలమండ బాగుంది, మోకాలు ఉబ్బింది.
మోకాలు దిగాక మోచెయ్యి.
అద్దిల్లు వెతుక్కునేవాడిలా నొప్పి
ఒక్కో కీలు తలుపూ తట్టి పోయింది.
చివరికి సామాను దించింది మాత్రం
పైకి కనపడని చోట.

ఆ ఆదివారం పాట సగంలో
ఊపిరందక కూర్చుండిపోయింది సియాలే.
గొంతు నిజంగానే బాగుంది.
గొంతుకి ఏమీ కాలేదు.

పడవలో తీసుకెళ్ళాం.
నర్సు హెపిసిపా ఛాతీ మీద గొట్టం పెట్టి
మరీ ఎక్కువసేపు విన్నది.
తర్వాత ఓడ, నుకుఅలోఫా, చీకటి గదిలో తెర,
తెర మీద నా కూతురి గుండె.
డాక్టరు చీటీ వెనక బొమ్మ గీశాడు:
ఇవి గదులు, ఇది తలుపు.
గొంతులో పురుగుని తరమడానికి లేచిన ఒంటి కాపలావాళ్ళు
పోలిక పొరబడి సొంత తలుపునే బాదారట.
రెక్క మొద్దుబారింది, పూర్తిగా మూసుకోదు,
ప్రతిసారీ కొంత నెత్తురు వెనక్కి జారుతుంది.
మొదట్లోనే ఒక్క సూది, లేదా పది రోజుల మాత్రలు
అన్నాడు, అని ఆగిపోయాడు.
తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

గోటితో పోయేది.
గోరు లేక కాదు,
చేతిలో సుత్తి ఉంది, అందుకని.

ఇప్పుడు మా ఇంటి కాలెండరుకి నెలల్లేవు,
ఇరవై ఎనిమిదేసి రోజులున్నాయి.
మీగడలాంటి చిక్కటి మందు, లావు సూది,
నెమ్మదిగా ఎక్కించాలి.
ఈసారి ఎడమ వైపు అంటుంది సియాలే,
పోయినసారి కుడి తుంటి ఇంకా నన్ను క్షమించలేదు అంటుంది.
ఇరవై ఒకటో ఏడు దాకా. ఆపైన చూద్దాం అన్నారు.
తుఫానుకి పడవ తిరగక
ఒకసారి మూడు రోజులు ఆలస్యమైంది.
ఆ మూడు రాత్రులూ ఎవరూ అడక్కుండానే బెరడు బాదాను.

అది నిద్రపోయాక వీపుకి చెవి ఆనిస్తాను.
టక్, ఆ వెంటనే సన్నగా ఒక ఉస్సు,
పగడపు దిబ్బ దాటి వెనక్కిపోయే అలలాగా.
మళ్ళీ టక్.
నీ చెవి చల్లగా ఉందమ్మా, లే, అంటుంది కళ్ళు తెరవకుండా.

నిన్న చిన్నాడు, వీలామి,
గొంతు గీరుకుంటోంది అన్నాడు, అంతే.
సుత్తి ఎక్కడ పడేశానో గుర్తులేదు.
వాణ్ణి చంకనేసుకుని పరిగెత్తాను, ఆరేళ్ళవాణ్ణి,
కాళ్ళు నా మోకాళ్ళకి కొట్టుకుంటూ.
హెపిసిపా టార్చి వేసి చూసింది, దూదిపుల్లతో తీసింది,
పరీక్ష చేసి నవ్వింది: ఇది ఉత్త జలుబే,
ఎంతసేపున్నాడు సముద్రంలో?
జలుబైతే జలుబే. నాకేం సిగ్గు లేదు.
రేపు మళ్ళీ గీరితే రేపు మళ్ళీ వస్తాను.

తిరిగొచ్చేసరికి దుంగ మీద బెరడు
ఎండకి అట్టకట్టుకుపోయింది.
పొద్దుటి పనంతా పాడు అని గొణిగింది లోసేలి.
నేను బక్కెట్టు అందుకున్నాను.
పోనీ,
బెరడుని మళ్ళీ తడపొచ్చు.