నూట పది నిమిషాలు

మద్రాసులో తెల్లారుజామున
నీళ్ళలోంచి పుడుతుంది.
మామూలు నీళ్ళు కావు, బరువైన ఆక్సిజన్ నీళ్ళు,
ఉగ్గుగిన్నెడు కూడా ఉండవు.
పుట్టిన క్షణం నుంచే తరుగు మొదలు.

సీసపు కుండలో పెట్టి, మూత బిగించి
కారు డిక్కీలో కట్టేస్తాడు కాలేషా.
తడ దగ్గర టీ తాగడు.
సూళ్లూరుపేటలో ఫోనెత్తడు.
నాయుడుపేట దాటేసరికి సగం అయిపోతుంది
ఒక్క చుక్కా ఒలక్కుండానే.
పొగతోటలో మా మెట్ల దగ్గరికి చేరేది మూడో వంతు.
"తొందరగా తీసుకోక్కా" అంటాడు
ఎండలో ఐసుగడ్డ మోసుకొచ్చినవాడిలా.

దాని పేరు ఫ్లోరిన్.
ఆ మాట చెవిన పడగానే
మంచం అంచున ఒంగి కూర్చున్న మాలకొండయ్య
మెడ తిరగక, మనిషంతా తిరిగాడు.
"మా నీళ్ళలో ఉండేదేనా అమ్మాయ్?"

అవుననడానికి నోరు రాలేదు.
కాదనడానికి చదువు ఒప్పుకోలేదు.

కనిగిరి చుట్టుపక్కల
నలభై ఏళ్ళు బోరు బండి మీద పని.
మూడు వందల అడుగులు, అయిదు వందలు, ఎనిమిది వందలు.
తెల్లటి రాతిపొడి లేచి లేచి, బురదై,
నీళ్ళు ఎగదన్నిన ప్రతిచోటా
టెంకాయ కొట్టి మొదటి దోసిలి తనే తాగాడట.
"రుచి ఏముందిలే, చల్లగా ఉండేయి."

ఇది వేరే, అన్నాను.
అది ఉండిపోయేది, ఇది వెళ్ళిపోయేది.
నూట పది నిమిషాలకోసారి సగమవుతుంది.
వేళ్ళు మడవబోయాడు, మడత పడలేదు.
"మా అప్పులు ఇట్టా సగమయ్యుంటే
ఈపాటికి మా వీధి వీధంతా మేడలే."
నవ్వాడు. దవడ సగమే తెరుచుకుంది.

ఎడమ చేతి నరం. సీసపు తొడుగున్న సూది.
పన్నెండు సెకన్లు.
అంతకు మించి ఆ చెయ్యి పట్టుకోకూడదు నేను,
నా జేబు మీది బ్యాడ్జీ
ప్రతి దయకూ లెక్క రాసుకుంటుంది.

"సాయంత్రం దాకా చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దు పెద్దాయనా."
అందరికీ చెప్పే మాటే.
"ఎత్తుకొని పదకొండేళ్ళయిందిలే" అన్నాడు.

వెల్లకిలా పడుకోలేడు.
మెడ కింద రెండు దిండ్లు, మడతేసిన దుప్పటి,
చాలక, నా స్వెట్టరు.
ఆ యంత్రం చేసినవాళ్ళు
మనుషులంతా బల్లపరుపుగా ఉంటారనుకున్నారు.

లోపల ఆ వేగు తిరుగుతూనే ఉంది.
గుండెలో ఆగలేదు, కాలేయాన్ని పలకరించలేదు.
ఎముక కనిపిస్తే మాత్రం
అన్నగారి ఇల్లు దొరికినట్టు అక్కడే దిగింది.
చస్తూ చస్తూ
ఎదురెదురు దిక్కులకు రెండు కబుర్లు విసిరింది.
చుట్టూ ఉన్న ఉంగరం రెండిటినీ పట్టుకుంది.

డాక్టరు అడిగింది ఒకటే:
ప్రోస్టేట్ క్యాన్సరు ఎముకకు పాకిందా?
పాకితే ఎక్కడో ఒక చుక్క మెరవాలి.
తెర మీద
వెన్నుపూసలు, పక్కటెముకలు, తుంటి, మోచేతులు
వరసగా అన్నీ వెలిగాయి,
తుపాను తర్వాత కరెంటొచ్చిన ఊరులా.
చాలాసేపు చూసి డాక్టరమ్మ అంది:
"ఇంత వెలుగులో దాన్ని ఎక్కడని వెతకను?"
ఇంకో పరీక్ష రాసింది.

పన్నెండున్నరకి బస్సు.
పామూరు దాటేసరికి పదో వంతుకి దిగుతుంది,
తెల్లారేసరికి లెక్కకే అందదు.
ముందునుంచీ ఉన్నదానికి మాత్రం
అర్ధాయుష్షు లేదు.

"చచ్చిపోయి ఏమవుద్దమ్మా అది?"
"ఆక్సిజన్."
"అంటే, గాలేనా?"
"గాలే."
కాసేపు ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డాడు.

కాగితంలో చివరి వరస మిగిలింది. చదివాను:
ఈ రోజంతా నీళ్ళు బాగా తాగాలి.

"ఏ నీళ్ళమ్మా?"

మా ఫ్రిజ్‌లోంచి రెండు సీసాలు తెచ్చి సంచిలో పెట్టాను.
రెండంటే ఎంతసేపు వస్తాయి, కావలి దాకా.

కింద కాలేషా
ఖాళీ కుండను డిక్కీలోకి ఎత్తుతున్నాడు.
లోపల ఏమీ లేదు,
అయినా రెండు చేతులతో.