ఏడున్నర టన్నుల లోపు

ముప్పై రెండేళ్ళ ఫైరింజను.
మీటరు మీద పంతొమ్మిది వేల కిలోమీటర్లే.
ఎల్బ నది ఒడ్డున ఓ చిన్న ఊరి షెడ్డులో
వారం వారం తుడిపించుకుంటూ,
ఎక్కడో గడ్డివాము అంటుకుంటే తప్ప గడప దాటకుండా
వయసంతా సిద్ధంగా నిలబడడంలోనే గడిపేసింది.
వేలంలో దాన్ని చూసి ట్యార్క్
"మనలాగే ఉంది, వీబ్కె" అన్నాడు.
నేను కిందికి దూరి
ఛాసిస్ తుప్పు గోటితో గీకి చూశాను.

కొత్త లారీలూ చూశాం ముందు.
కంప్యూటర్ అలిగితే అడుగు కదలనివి.
దీనికైతే సుత్తి, స్పానరు, నోటినిండా తిట్లు.
ఏ దేశపు మెకానిక్‌కైనా తెలిసిన భాష.

నా పాత లైసెన్సు ఏడున్నర టన్నుల దాకానే ఒప్పుకుంటుంది.
అందుకని నా కాగితం మీద
ముందు బరువు, తర్వాతే పేరు.
మూడు వందలు: నీళ్ళు.
నూట ఇరవై: స్పేర్ చక్రం.
పదకొండు: అతని అకార్డియన్.
దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.
మర్నాటికి ఎవరో చెరిపేశారు.

నలభై ఏళ్ళు పొలాలు కొలిచినదాన్ని,
కాగితం మీద గీతని నమ్మను.
కొట్టంలో గచ్చు మీద సుద్దముక్కతో
అసలు కొలతల్లోనే ఇల్లు గీశాను.
పొడవు నాలుగు మీటర్ల ఇరవై, వెడల్పు రెండూ ముప్పై.
ఇది పడక. ఇది పొయ్యి. ఇదిగో తలుపు.
ఫిబ్రవరి చలిలో తొమ్మిది రాత్రులు
ఆ గీతల లోపల కాపురం చేశాం.
మనిషికి రోజుకి ఎనిమిది లీటర్లు, జగ్గుతో కొలిచి.
ఆ లెక్కన పద్దెనిమిది రోజులు
ఎవరి గుమ్మంలోనూ నీళ్ళడగక్కర్లేదు.
పక్కింటి యోంటె, ఏడేళ్ళవాడు, మా కాపలా.
ఉప్పు అందుకుందామని చెయ్యి చాస్తే
"గోడలోంచి పెట్టావు!" అని అరిచేవాడు.

నాలుగో రాత్రి గొడవ.
మొదలైంది కిటికీ దగ్గర.
ప్రతి కిటికీ చలికి ఓ కన్నం అంటాను నేను.
కిటికీ లేనప్పుడు అంత దూరం పోవడమెందుకు,
ఇక్కడే బీరువాలో కూర్చుందాం అంటాడు తను.
అక్కణ్ణుంచి మాట ఎక్కడెక్కడికో పోయింది:
అమ్మేసిన పడవ, వాళ్ళక్క పెళ్ళి,
పదహారేళ్ళ కిందటి ఒక ఆదివారం.
లేచి, పడక పక్క గోడలోంచి
నేరుగా నడిచిపోయాడు.
"అక్కడ తలుపు లేదు" అన్నాను.

ఆగాడు.
అదే గోడలోంచి వెనక్కొచ్చాడు.
సుద్ద తలుపు దాకా నడిచి
లేని గొళ్ళెం తీసి
లేని మెట్లు మూడూ దిగి
లేని తలుపు దభేలున వేశాడు.
ఆ చప్పుడు నాకు వినిపించింది.

తెల్లారాక ఆ గోడని అర మీటరు మేర
తడిగుడ్డతో తుడిచి కిటికీ గీశాను,
మనిషి పట్టేంత.
పద్నాలుగు కిలోలు.
ఆ పూట కాఫీ అతనే కాచాడు.

వేసవిలో వెల్డింగ్.
గతుకుల్లో ఛాసిస్ మెలిదిరగాలి,
బిగదీసి కట్టేస్తే విరుగుతుంది.
పైనున్న పెట్టె మాత్రం మెలిపడకూడదు,
గోడలు చీలతాయి.
రెండింటికీ మధ్య పట్టు మూడు చోట్లే,
అందులో ఒకటి కదులుతూ ఉండాలి.
మొహం మీది అద్దం పైకెత్తి ఇదంతా చెప్పి
ట్యార్క్ నావైపు అదోలా చూశాడు.
నేను బోల్టులు లెక్కపెట్టుకుంటున్నాను.

పద్నాలుగు నెలలకి
చక్కెర మిల్లు తూకం మీదికి ఎక్కించాం,
బీట్ దుంపల ట్రాక్టర్ల మధ్య వరసలో నిలబడి.
నీళ్ళతో, డీజిల్‌తో, అకార్డియన్‌తో, మా ఇద్దరితో
ఏడు వేల నాలుగు వందల డెబ్భై.
ముప్పై మిగిలాయి.
తను ఇరవై ఆరేనని చెప్పాడు యోంటె.
వాళ్ళమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.
ఆ ముప్పై కిలోలూ దారి దుమ్ముకి వదిలేశాం.

దుమ్ము దాని వాటా అది తీసుకుంటోంది.
కజఖ్ గడ్డిమైదానంలో, గాలికి అటూ ఇటూ ఊగే పెట్టెలో
పరుపు దులుపుతుంటే ఫోన్ మోగింది.
కొట్టంలో సుద్దగీతలు ఇంకా చెరగలేదట.
యోంటె రోజూ ఆ ఇంట్లో ఆడుకుంటాడట,
ఎప్పుడూ తలుపులోంచే వెళ్ళి, తలుపులోంచే వచ్చి.
కోపమొచ్చినప్పుడు మాత్రం
కిటికీలోంచి.