సీదా పోవాల్నంటె

అజ్మాన్‌ల నుఐమియ. గ్యాస్ దుకాణం మూలమలుపు.
రాత్రి పదిన్నర, ఆగస్టు.
గాలి తడిబట్ట లెక్క మొకానికి అతుక్కుంటున్నది.
వెనుక క్యారియర్ మీద నీళ్ల డబ్బ,
హ్యాండిల్‌కు కుడిపక్క పాలు, కుబ్బూస్,
ఎడమపక్క డజను గుడ్లు.

ఎదురుంగ రాంగ్ రూట్ల వచ్చిండు వాడు, చేపల వాసనతోటి.
వాని సైకిల్‌కు లైటు లేదు.
నా సైకిల్‌కు బ్రేకు లేదు.

పడంగ వాడు "మాగో" అన్నడు.
నేను "ఓ అవ్వా" అన్న.
అటెనుక ఇద్దరం హిందీల తిట్టుకున్నం.

చూస్తే నా చేతుల హ్యాండిల్ ఉన్నది,
సైకిల్ లేదు.
అది రోడ్డు అవతల పండుకొని
తనపాటికి తాను వెనుక చక్రం తిప్పుకుంటున్నది.
నీళ్ల డబ్బ పలిగి
ఎన్నడు తడవని ఇసుక ఒకపారి తడిసింది.
గుడ్లు నాలుగు మిగిలినయ్.

పాలకు ఏం కాలె.
మూడో అంతస్తుకు తీస్కపోయిన.
మిసిరి అమ్మ తలుపు తీసి
నా మోచెయ్యి చూసింది, నెత్తురు చూసింది,
ఇంకో చేతుల ఉన్న హ్యాండిల్ చూసింది.
అప్పటిదాంక ఇడిసిపెట్టలేదని నాకే తెల్వదు.
దూది ఇచ్చింది.
చిల్లర మాత్రం లెక్కపెట్టి తీసుకున్నది.

మొయ్దు కాక నోటుబుక్కు తీసిండు.
నీళ్లు రాసిండు. డబ్బ రాసిండు.
గుడ్లు ఎనిమిది అని రాసి, నా దిక్కు చూసి,
ఏడు అని దిద్దిండు.
అది ఆయన దయ.

పొద్దుగాల వెల్డింగ్ షాపుల గుల్ జమాన్
ఇరిగిన మూతిని ఎండకు పట్టి చూపిచ్చిండు.
సగం నల్లగ, సగం తెల్లగ ఉన్నది.
"తెల్లది రాత్రిది.
నల్లది పాత పగులు, ఆర్నెల్లది.
సగం ఇరిగినదాని మీదనే తిరుగుతున్నవ్ లింబాద్రీ."

మలుపు మలుపుకు కిర్రుమంటుండె.
నేను నీళ్ల డబ్బ అనుకున్న.

అల్మినియం అతకదన్నడు.
ఎవలదో బాత్‌రూం తీసేస్తే వచ్చిన
తువ్వాల రాడు వంచి బిగిచ్చిండు.
పదిహేను దిర్హాంలు చెప్పి పది తీసుకున్నడు.
ఎందుకో ఎక్కినంక తెలిసింది.
రాడు ఎడమకు రెండేళ్లు పోయింది.
సీదా పోవాల్నంటె
వంకర పట్టాలె.

రాత్రి వీడియో కాల్‌ల
మోచెయ్యి కనబడకుండ ఫోన్ పట్టుకున్న.
"ఏందయ్యా, మొకం ఓ దిక్కు పోయినట్టున్నది"
అన్నది ముత్తవ్వ.
"నెట్టు మంచిగ లేదు" అన్న.

నెలరోజులైనంక వచ్చిండు వాడు, షఫీకుల్.
చేపల వాసన అట్లనే ఉన్నది.
చంకల స్క్రాప్‌ల దొరికిన హ్యాండిల్, అసలుది.
తప్పు నాదనలె, నీదనలె.
దుకాణం ముంగట కూసోని, స్పానరు అడిగి,
ముందు చక్రం కాళ్ల నడుమ ఇరికిచ్చుకొని
ఒక కన్ను మూసి చూసి చూసి బిగిచ్చిండు.
దారం పట్టి కొలిచినంత సీదా.

ఎక్కిన.
పది గజాలు పోయి
మొయ్దు కాక ఉల్లిగడ్డ బస్తాలల్ల పడ్డ.
షఫీకుల్ నవ్విండు, కాక నవ్విండు,
కుబ్బూస్ కొననీకి వచ్చిన పోరడు నవ్విండు.
నేను ఉల్లిగడ్డలు ఏరుకుంట నవ్విన.
మూడు దినాలు నా చేతులు ఎడమకే గుంజినయ్.

ఇరిగిన ముక్కకు గంట ఇంకా ఉన్నది.
రూంల తొమ్మిదిమందిమి, బాత్‌రూం ఒక్కటి.
దాని తలుపుకు కట్టినం.
నాలుగున్నరకు మొదలైతది ట్రింగ్ ట్రింగ్,
లోపలి నుంచి "ఆగురా నాయిన" అని ఇనబడ్తది.

ఆ చప్పుడుకు
మీది మంచం మీద, నిద్రలనే,
నా రెండు చేతులు
లేని బ్రేకు పట్టుకుంటయ్.