మార్పులు లెక్కబెట్టిన రాత్రి

మేకలకుంటలో నీళ్లు
ఒక పెళ్లిపందిరంత మిగిలాయి.
టిప్పర్లు మొరం దించే మూల నుంచి
బురద రోజుకో అడుగు పగులుతోంది.
సర్వే రాయి మీద ఎర్ర రంగుతో ఎఫ్‌టీఎల్.
దానిమీద ఎవరో లుంగీ ఆరేశారు.

ఈ చేప పేరు మార్పు.
పేరు చెప్పినప్పుడల్లా ఆఫీసుల్లో నవ్వారు:
"మార్పును కాపాడతారా మేడమ్?"
మొదట్లో నేనూ నవ్వాను.
మూడో దరఖాస్తు తర్వాత మానేశాను.

తెల్లవారుజాము మూడింటికి
ముత్తెమ్మ కుచ్చిళ్లు బిగించి దిగింది.
వల వద్దంది.
"గిది వలకు చిక్కదు బిడ్డా,
బురదల పండి ఊపిరి వట్టుకుంటది.
పాదంతోనే సూడాలె."
అరికాలితో కుంటను చదువుకుంటూ పోయింది:
పేలికలు, సీసాపెంకులు,
నిరుటి వినాయకుడి ఇనుప చువ్వ.
ఆగింది. వంగింది.
మోచేతి దాకా మునిగిన చెయ్యి
ఎనిమిది మీసాలతో పైకొచ్చింది.

టార్చి వెలుగులో తల వెనక ఎముక తడమడం నా పని.
గుండ్రంగా దిగితే మనది.
మొనలుగా చీలితే ఆఫ్రికాది,
ఎవరో దొంగచాటుగా పెంచి వదిలిన తిండిబోతు.
మనవి తడి గోనె కప్పిన డబ్బాలోకి.
కానివి పక్క బకెట్లోకి.
వాటి గురించి రాయను.

ఒక ముల్లు నా బొటనవేల్లో దిగింది.
ముత్తెమ్మ నడుముకున్న సంచి విప్పి
తమలపాకు సున్నం అద్దింది.
"కుట్టిందంటె పానమున్నట్టే."
నా వేలి సంగతి కాదు అన్నది.

ఖలీల్ ట్రాలీ ఆటో.
డబ్బాల్లో బ్యాటరీ పంపు గుడగుడ.
ఔటర్ దాటేదాకా ఎవరం మాట్లాడలేదు.
స్పీడ్‌బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ
ముందు చక్రాన్ని బుజ్జగించి దాటించాడు.

పాడుబడ్డ క్వారీ గుంత,
రాతి గోడల మధ్య పచ్చటి నీళ్లు.
ఒక్కొక్కటే వదిలాం.
ఏదీ వెనక్కి చూడలేదు.
చేపలు కదా.
నోట్‌బుక్కులో రాశాను: ముప్పై ఏడు.
అయిపోయిందని కింద గీత గీశాను.

మరుసటేడు ఆషాఢం, మొదటి పెద్ద వాన.
కుంట ఉన్నచోట పిల్లర్లు, కింద సెల్లారు.
రాత్రి పదకొండింటికి వాచ్‌మన్ పైడయ్య ఫోను:
"అమ్మా, గోడలోంచి నీరూరతంది.
అందులో సేపొకటుందమ్మా,
మీసాలేసుకుని నన్నే సూస్తంది."

ఏడాదంతా ఎక్కడ దాక్కుందో.
ముత్తెమ్మను లేపి చెప్పాను.
చాలాసేపు ఆమె ఇంటి రేకుల మీద
వాన చప్పుడే వినిపించింది.
"ఆ దినం ఒకటి కాలికి తాకింది బిడ్డా.
ఇడిసిన.
అన్నిట్ని తోల్కపోతె ఎట్ల,
ఇంటికాడ ఎవరన్న ఉండాలె గద."

ఖాళీ బకెట్టు, తడి గోనెసంచీ తీసుకుని
సెల్లార్ ర్యాంపు మొదట్లో నిలబడ్డాను.
కింద, ట్యూబులైటు నీడలో
నీళ్లు ఒకసారి కదిలాయి.
దిగాలో వద్దో
ఇంకా తేల్చుకోలేదు.