వాన మూడోరోజు

వ్యాసర్పాడి సబ్‌వేలో నీళ్ళు నడుం లోతు.
కొట్లు మూత.
మొన్న పులియంతోపులో కొన్న పెద్దకూర అరకిలో,
రెండు ఎర్రగడ్డలు, మొలకొచ్చిన ఉర్లగడ్డ,
డబ్బా దులిపితే ఆరు మిరియాలు, ఒక పలావాకు.

మా జేజి సలోమమ్మ పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో
ఇంజన్ డ్రైవరు దొరసానికి ఇరవయ్యేళ్ళు వండింది.
కారం లేని స్టూ చూసి
"రోగిష్టోళ్ళ కూడు" అని నవ్విందట మొదట్లో.
ఎముక మూడు గంటలు సణిగాక మాట మార్చింది.

మైదాలో డాల్డా వేళ్ళతో నలుపుతున్నాను,
చిటికెడు సోడా, పులిసిన మజ్జిగ.
టీలో ముంచే బిస్కెట్లు కావివి.
"పిసక్కే, పిసికితే పగబడతాయి"
జేజి గొంతు ఇంకా నా మణికట్టులోనే ఉంది.
ఓవెన్ ఎక్కడిది?
ఇసుక పోసిన కుండ, పైన బరువుకి రోలు.

మిద్దె మీది కోమలవల్లి దిగొచ్చింది,
ఈ వాసనకి ఏడాదిగా కిటికీ మూసే మనిషి,
చేతిలో ఖాళీ గిన్నె.
"పిల్లాడికి ఆకలి."
ఏం కూరో చెప్పాను.
గిన్నె కాసేపు గాల్లోనే ఆగింది.
"రొట్టెలు చాలు" అంది.
రెండు మెట్లెక్కి, వెనక్కి తిరక్కుండానే,
"కాస్త రసంలో ముంచి."